గులాబీ మేడలో అమ్మ టబ్బు

మా చిన్నప్పుడు గుంటూరు శివారులో కొత్తగా వేసిన మా కాలనీలో ఏ ఇంటికి దారి అడిగినా, "గులాబీ మేడ దాటాక కుడివైపు" అని చెప్పేవాళ్ళు... చెప్పి నవ్వేవాళ్ళు. ఆ గులాబీ మేడ మాదే.

గోడలకి గులాబీ రంగు, కిటికీలకి చిలకపచ్చ. గేటు స్తంభాల మీద రెండు సిమెంటు సింహాలు, వాటి జూలుకి బంగారు రంగు. చుట్టూ లెక్చరర్లూ, బ్యాంకు ఉద్యోగులూ కట్టుకున్న తెల్లటి ఇళ్ళు... మధ్యలో మాది.

అన్నీ అమ్మ చెప్పి చేయించుకున్నవే. మా అమ్మ రమణమ్మ పెళ్ళయిన దగ్గర్నుంచి మిర్చి గోదాముల్లో కాయలకి ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే కూలిపని చేసింది. నాన్న మిర్చి బస్తాలు తోలే ఆటో నడిపేవాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఓ పాత కారం మిల్లు తీసుకున్నారు. అది కలిసొచ్చింది. కొన్నేళ్ళకే ఒంటిగది అద్దె ఇంటి నుంచి మేడకొచ్చాం. నేనప్పుడు ఎనిమిదో తరగతి.

గృహప్రవేశానికి కాలనీ ఆడవాళ్ళంతా వచ్చారు. అమ్మ సంబరంగా గది గదీ తిప్పి చూపించింది. కింద స్నానాల గదిలో గులాబీ రంగు బాత్‌టబ్బు ఉంది... ఆ రోజుల్లో మా కాలనీలో ఇంకెవరింట్లోనూ లేదు. నేను కూల్‌డ్రింకుల పళ్ళెం పట్టుకుని వెనకే ఉన్నాను. ఎదురింటి లెక్చరర్ గారి భార్య పక్కావిడతో మెల్లగా అంది.

"గేదెని కడుగుతారేమో ఇందులో. డబ్బొచ్చినంత తొందరగా నాగరికత వస్తుందా."

పక్కావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అమ్మకి వినపడింది. "భోంచేసి వెళ్ళండి వదినగారూ" అంది, అంతే. వాళ్ళేమో తాంబూలం తీసుకుని, ఇంట్లో పనుందని వెళ్ళిపోయారు. గారెలూ పులిహోరా గంగాళాల్లో అలాగే మిగిలిపోయాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత స్కూలు ఆటోని వీధి మొదట్లోనే ఆపించి నడిచి వచ్చేదాన్ని... మా ఇల్లేదో తోటిపిల్లలకి తెలియకూడదని. ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ టబ్బు పీకించెయ్యమ్మా. రంగు కూడా మార్పించు. అందరూ నవ్వుతున్నారు."

అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "నవ్వితే నవ్వనీ. ఈ ఆదివారం ఎటూ పోకు. ఇంట్లో పనుంది" అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండు ట్రక్కు ఆటోల్లో పద్నాలుగు మంది ఆడవాళ్ళు మా గేటు ముందు దిగారు. అందరూ అమ్మతో పాటు గోదాములో కూర్చుని ముచ్చికలు తీసినవాళ్ళే. ఒంటిపూట పని ముగించుకుని అలాగే వచ్చేశారు... చీరల నిండా ఎర్రటి దుమ్ము. దిగీ దిగగానే ఘాటు వీధంతా పాకింది. ఎదురింటి వరండాలో దగ్గు మొదలైంది.

అందరికంటే ముందున్న మస్తాన్‌బీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల పాలరాయి చూసి, చెప్పులు చేత్తో పట్టుకుంది.

"మేం ఇక్కడే కూర్చుంటాంలేవే రమణా. నీ బండలు ఎర్రబడతయ్."

"ఎర్రబడితే పడనీ. ఆ ఎరుపుతోనే కదే ఇవన్నీ కొన్నది" అని అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

నేరుగా స్నానాల గదిలోకి తీసుకెళ్ళింది. టబ్బు నిండా చన్నీళ్ళు పట్టించి, ఓ చెంబెడు మజ్జిగ కలిపింది. ముచ్చికలు తీసే చేతులు సాయంత్రానికి నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. మెడ, నడుము... చెమట పట్టిన చోటల్లా మంటే. పాత ఇంట్లో అమ్మ రోజూ గిన్నెడు మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చునేది. అది చూస్తూనే పెరిగాను... ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

నేను తువ్వాలు తీసుకెళ్ళేసరికి మస్తాన్‌బీ మెడదాకా నీళ్ళలో కళ్ళు మూసుకుని ఉంది.

"కాయల్లో కూర్చుని అనేదానివి... ఎప్పటికైనా ఇంత నీళ్ళల్లో మునిగి కూర్చోవాలే అని. కట్టించుకున్నావు చూడు" అంది అమ్మతో.

"నేనొక్కదాన్నే కూర్చోడానికా కట్టించింది" అంది అమ్మ.

ఒకరి తర్వాత ఒకరు... నేను నీళ్ళు మార్చి మార్చి పట్టాను. నాన్న మోటారు దగ్గరే నిలబడ్డాడు.

అంతలో ఎదురింటావిడ గేటు దగ్గరికొచ్చింది. "పాపా, మీ అమ్మని పిలువు. కాలనీ అన్నాక ఓ పద్ధతుండాలి. కూలివాళ్ళందర్నీ ఇలా ఇళ్ళలోకి తెచ్చుకుంటే ఎట్లా?"

నేను అమ్మని పిలవలేదు.

"వాళ్ళు మావాళ్ళు ఆంటీ. స్నానాలు చేస్తున్నారు. అమ్మ ఇప్పుడు రాదు."

ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పద్నాలుగు మందీ హాల్లో సోఫాల మీద కూర్చుని, తడిజుట్టు ఆరబెట్టుకుంటూ గోంగూర పచ్చడితో అన్నాలు తిన్నారు. బండల మీద ఎర్రటి అడుగులు. తుడవబోతే అమ్మ ఆపింది... "ఉండనీ, రేపు తుడుద్దాం" అంది. మర్నాడు స్కూలు ఆటోని మా గేటు ముందే ఆపించుకున్నాను. ఆ తర్వాత మిర్చి రోజుల్లో ప్రతి ఆదివారం మా ఇంట్లో ఆ సందడే. ఎవరేమన్నా అమ్మ మానలేదు.

ఇప్పుడు ఆ కాలనీలో మాకంటే పెద్ద మేడలొచ్చాయి. ఎవరూ ఎవర్నీ చూసి నవ్వరు... పక్కింట్లో ఎవరుంటారో తెలిస్తే కదా. కొత్తగా డబ్బొచ్చినవాళ్ళు కట్టుకున్న ఇళ్ళని ఫోటోలు తీసి పోస్టులు పెట్టి, టేస్టు లేదని వెక్కిరించేవాళ్ళు మాత్రం ఇక్కడ చాలామందే కనిపిస్తున్నారు. నవ్వుకోండి. కానీ ఆ ఇల్లు కట్టకముందు వాళ్ళు ఏ పని చేశారో, ఎలాంటి గదిలో పడుకున్నారో కనుక్కుని అప్పుడు నవ్వండి.

మీదీ అలా నలుగురూ నవ్విన ఇల్లేనా... అయితే తలెత్తుకుని కింద కామెంట్లో రాయండి. కట్టుకున్నాక అందులోకి మొదట ఎవర్ని పిలిచి కూర్చోబెట్టారో, అది కూడా రాయండి.