దమ్ముకు పెట్టిన కాఫీ

మా వరంగల్ కాశిబుగ్గల కాఫీ ఎవరిక్కావాలె? పొద్దుగాల లేస్తే చాయ్, బాపు మగ్గం మీద కూసునే ముందు చాయ్, ఎవలన్న ఇంటికొస్తే చాయ్. డెబ్బైల ఆఖరి సంగతి చెప్తున్న. మా బాపు నేతపని చేసేటోడు. చాయ్ పడకపోతే చెయ్యీ ఆడదు, కాలూ ఆడదు అనేటోడు. అసొంటి ఇంటికి మా అన్న కాఫీ తాగే పిల్లను పెండ్లి చేసుకొని తెచ్చిండు.

అన్నకు మొదట గుంటూరు దిక్కు నౌకరి దొరికింది. కిరాయికున్న ఇంటి పక్క పిల్లను ఇష్టపడ్డడు. వాళ్లోళ్లు ఒప్పుకోకున్నా పెండ్లి చేసుకొని, వరంగల్‌కు బదిలీ తెచ్చుకున్నడు. "ఇంక నా గడప తొక్కొద్దు" అన్నడట వదిన వాళ్ల నాయిన. మా అమ్మకు కోపం రాలేదా అంటే వచ్చింది, ఒక్క పూట. వదిన రిక్షా దిగి భయం భయంగ గోడ పక్కకు నిలబడ్డది చూసినంక ఆ కోపం యాడికి పోయిందో పోయింది. "మన పిల్లనే ఎవలింటి ముంగటనో గిట్ల నిలబడితే?" అని నా దిక్కు చూసుకుంట అన్నది.

వదిన మంచిదే గని నోరు కుట్టేసినట్టుండేది. ఏమన్న అంటే "అలాగేనండీ" అనుడే. నన్ను సుత మీరు అనేది. ఇంటర్ చదివే పిల్లను, నన్నెవలు మీరంటరు? నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. చాయ్ ఇస్తే మందు తాగినట్టు గుటుక్కున తాగి గ్లాసు కడిగి బోర్లించేది.

అన్నిటికంటె అమ్మకు ఆమె ట్రంకు పెట్టెతోనే ఫికర్. వచ్చి నెలలైనా మంచం కింద తాళం తాళమే. రోజు కట్టే చీరలు దండెం మీద, మిగిలినయన్ని పెట్టెలనే. "అల్మారాల ఒక అర ఖాళీ చేసిచ్చిన, ఒక్క రైక పెట్టలేదు. ఈ పిల్ల ఉండేటట్టు లేదే" అని నాతోని గుసగుస పెట్టేది. పోతే పోనియ్యి అన్న నేను. నెత్తి మీద ఒక్కటిచ్చింది. "పోతే నీ అన్న మనిషైతడా? ఆ పిల్ల సుత ఏమైతది, నాయిన రావద్దన్నంక?"

దసరా వచ్చింది. బతుకమ్మ పేర్చుడుకు నేనూ వదినా గునుగుపూలకు రంగులద్దుకుంట కూసున్నం. మీ దిక్కు పండుగకు ఏం చేస్తరు వదినా అని ఊకెనే అడిగిన. "తలంటుకుని రాగానే మా అమ్మ కాఫీ ఇస్తుందండీ. ఆ వాసన వస్తేనే పండగొచ్చినట్టు ఉంటుంది" అన్నది. అని తల వంచుకున్నది. గంత పొడుగు మాట ఆమె నోట్లకెల్లి ఇనుడు నాకు అదే మొదలు. చేతులకు రంగు అట్లనే ఉండంగ ఉరికి పోయి అమ్మకు చెప్పిన.

ఇగ చూడు మా అమ్మ హడావిడి! బాపును సైకిల్ మీద స్టేషన్ దిక్కు తోలింది. ఆడ గింజలు పట్టిచ్చే దుకాణం ఒకటుండె. మా బాపు పొడి అయితే తెచ్చిండు గని, ఎట్ల చెయ్యాలె అని అడిగి రాలేదు. "చాయ్ లెక్కనే గదనే, మసలబెట్టు" అన్నడు. చాయ్ అంటే మా వాడకట్టుల పక్కింటి ఖాలమ్మదే పేరు. రంజాన్ పండుగనాడు ఆమె పంపే దమ్ము చాయ్ కోసం మేము పొద్దుగాలనే గ్లాసులు కడిగి పెట్టుకునేటోళ్లం. అమ్మ పోయి ఆమెనే అడిగింది. "పండుగ పూట ఉత్తగిస్తవా? సొంటి, ఇలాచీ, లవంగం దంచెయ్యి. మూతకు పిండి పెట్టి నిప్పుల మీద దమ్ముకు పెట్టు. జర సేపు దాని దిక్కు చూడకు" అన్నది ఖాలమ్మ.

పండుగనాడు అమ్మ అచ్చం అట్లనే చేసింది. బాపు మగ్గానికి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టేదాక ఆ గిన్నె నిప్పుల మీదనే ఉన్నది. వదిన తలంటుకొని, జుట్టుకు తువ్వాల చుట్టుకొని వచ్చి చూసింది. "అత్తయ్యా, పండగపూట బిర్యానీ వండుతున్నారా?"

"బిర్యానీ కాదు బిడ్డా, కాఫీ. నీకోసమే."

అమ్మ పిండి పగులగొట్టి మూత తీసింది. ఏం ఘాటది! నాకు తుమ్ములే తుమ్ములు. నల్లగ, చిక్కగ ఉన్నదాంట్ల పాలు, చక్కెర కలిపి గ్లాసుల పోసింది. బాపు ఒక్క గుటక మింగి, "జరమొచ్చిందా నాకు, కషాయమిస్తానవ్?" అన్నడు. అమ్మ ఆయన దిక్కు చూసిన చూపుకు మిగిలింది గుటగుట మింగిండు. వదిన ఒక గుటక తాగింది. కండ్లల్ల నీళ్లు గిర్రున తిరిగినయ్. అమ్మ గాబరపడ్డది. "బాగలేదా బిడ్డా? ఇటియ్యి, పారబోస్త" అని చెయ్యి చాపింది.

వదిన గ్లాసు ఇయ్యలేదు. రెండు చేతులతోని పట్టుకొని, కొసదాక తాగింది. "ఇది కాఫీ కాదు అత్తయ్యా" అన్నది. ఏడుస్తనే నవ్వింది. "కాఫీ కాదు గానీ, నాకు ఇంకొంచెం పొయ్యండి."

తాగినంక లోపటికి పోయి పెట్టె గుంజి తాళం తీసింది. చీర మడతలల్లకెల్లి ఇత్తడి ఫిల్టర్ తీసి అమ్మ చేతుల పెట్టింది. ఒకదాని మీద ఒకటి కూసున్న గిన్నెలు, మీది గిన్నెకు అడుగున బొక్కలు. అమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఓ యమ్మా, గిదుంటదా! చెప్పొద్దానే పిల్లా?" అని నెత్తి కొట్టుకున్నది. పొద్దూకేలోపల వదిన చీరలన్ని అల్మారాలకెక్కినయ్, ఫిల్టర్ వంటింటి అరుగు మీదికొచ్చింది. నన్ను నువ్వు అనుడు సుత ఆనాడే షురువైంది.

మరుసటేడు దసరాకు వదినకు ఏడో నెల. ఆ సంగతి తెలిసి వాళ్ల నాయిన పండుగనాడే దిగిండు. కాన్పుకు తోలుకపోతా అన్నడు. మొదటి కాన్పు తల్లిగారింట్లనే గదా, కాదనేదేమున్నది? అమ్మ సరే అన్నది గని వంటింట్ల నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "ఇన్నొద్దులకు నాయిన పిలిచిండు. అమ్మను చూసినంక ఈడికి మల్లొస్తదంటవా?" అన్నది.

ఫిల్టర్ కడిగి ఎదురుంగనే ఉన్నది. వదిన దాన్ని ముట్టలేదు. సొంటి పొడి ఏసింది, మూతకు పిండి పెట్టింది, దమ్ము కాఫీ చేసి వాళ్ల నాయినకు తనే తీస్కపోయి ఇచ్చింది. పెద్దమనిషి ఒక్క గుటకకే దగ్గిండు. "ఇదేం కాఫీ అమ్మా? ఫిల్టర్ పట్టుకెళ్లావుగా?" అన్నడు. "ఉన్నది నాన్నా. పండుగ పూట మా ఇంట్ల గిదే తాగుతం" అన్నది వదిన. ఆయన బిడ్డ మొఖం దిక్కు చూసుకుంట మొత్తం తాగిండు, పాపం.

బయలెల్లేటప్పుడు పెట్టె సర్దింది. అమ్మ ఫిల్టర్ తెచ్చి, "ఇది మరిచిపోయినవ్ బిడ్డా" అన్నది.

"మరిచిపోలేదు అత్తమ్మా. అక్కడ మా అమ్మకున్నది. ఇది మనింటిది, ఈడనే ఉండనియ్యి. ఆ సొంటి పొడి జర పొట్లం కట్టియ్యి."

అమ్మ వంటింట్లకు పోయింది. డబ్బ నిండ పొడి ఉన్నది, నేనే దంచిన. ఆమె చిటికెడంటే చిటికెడు కాయితంల కట్టుకొచ్చింది.

"గింతేనా అత్తమ్మా?"

"అయిపోంగనే వచ్చెయ్యి" అన్నది అమ్మ.