ఫాస్ట్ ఫుడ్ సెంటర్ పోయాక మా అత్తగారి తిండి

అరకులో మూతపడ్డ పాత ఫాస్ట్ ఫుడ్ సెంటర్లను తలచుకుని, 'అబ్బ, ఆ రుచి మళ్లీ రాదండీ' అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అక్కడ టీచరుగా పనిచేసినన్నాళ్లూ ఆ నూడిల్స్ తిన్నదాన్ని నేను. స్టేషను దారిలో రేకుల షెడ్డు, ఎర్రరంగు బోర్డు, లోపల కొండ మీది ఊరినుంచి దిగొచ్చిన ఒకావిడ. పేరుకే ఫాస్ట్. రైలు వచ్చి వెళ్లిపోయినా మన ప్లేటు వచ్చేది కాదు. తీరా వస్తే నూడిల్స్ జావలా ఉడికిపోయి, క్యాబేజీ మాత్రం పచ్చిగా ఉండేది.

అలాంటి కొట్టుకి మా అత్తగారు అలవాటు పడ్డారు. పార్వతీపురంలో పుట్టి పెరిగి, బయట కాఫీ చుక్క ముట్టని మనిషి. మామగారు పోయాక మా దగ్గరికొచ్చారు. ఒక శుక్రవారం సంతకి తీసుకెళ్తే కాళ్లు నొప్పులంటూ ఆ షెడ్డులో కూలబడ్డారు. అంతే. ఆ తర్వాత ప్రతి సంతకీ తన స్టీలు పళ్లెం, గ్లాసు సంచిలో వేసుకుని బయలుదేరడమే. అదే మూకుడులో చికెన్ వేయిస్తారని తెలుసు. అయినా పళ్లెం తనదైతే చాలట! అదేం మడో ఆవిడకే తెలియాలి.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు పీకేశారు. కొట్టు నడిపే ఆవిడ కాఫీ తోట పనులకి తిరిగి కొండెక్కిపోయింది. ఇక్కడ మా అత్తగారు రాత్రి తిండి మానేశారు. మొదట అలక అనుకున్నాను. జాకెట్లు వదులై భుజాలమీంచి జారుతుంటే భయం పట్టుకుంది. డాక్టరు చూసి జబ్బేమీ లేదు, తినాలి అన్నాడు. ఆ మాట చెప్పడానికి డాక్టరు కావాలా?

ఇక నా తంటాలు మొదలయ్యాయి. విశాఖ నుంచి సాస్ సీసాలు తెప్పించాను. కావాలనే నూడిల్స్ జావ చేశాను. మా ఆయనకీ పిల్లలకీ వేడివేడిగా వడ్డించి, వంటిల్లు సర్దుకుని ఆవిడకి పెడితే, రెండు ముద్దలు కెలికి పక్కకి నెట్టేసేవారు. ఒకరోజు నా ఓపిక కాస్తా అయిపోయింది.

"ఏటి కావాలత్తా మీకు? ఆ కొట్టావిడేటి కలిపీదో సెప్పండి, అదే కలుపుతాను!" అని అరిచాను.

అత్తగారు కొంగు సవరించుకున్నారు.

"దాని వంటేటి బాగుంటాదే? సంత జనం ఎంతమంది నిలబడినా, నన్ను కూకోబెట్టి, నాకెట్టాకే ఇంకొకలికి ఎట్టీది. పెళ్లయిన కాణ్ణించి అందరూ తిన్నాక మిగిలిందే తిన్నాను. ఇన్నాళ్లకి ఒకలు నాకు ముందు వడ్డించినారు. అదలవాటైపోనాది."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఈ మాట చెప్పడానికి ఇన్నాళ్లు కడుపు మాడ్చుకోవాలా!

మర్నాడు పొయ్యి మీంచి దింపిన మూకుడు నేరుగా ఆవిడ దగ్గరికే తీసుకెళ్లాను. కంచం ముందు కూర్చున్న మా ఆయన "మాకో?" అన్నారు. ఆగమన్నాను. పిల్లలు బిక్కమొహాలు వేశారు. అత్తగారు ఒక ముద్ద తీరిగ్గా నమిలి, "ఉప్పు సాల్లేదు" అన్నారు. మళ్లీ నాకు ఒళ్లు మండింది. విసవిసా వెళ్లి ఉప్పుడబ్బా తెచ్చేసరికి పళ్లెం ఖాళీ.

"ఇంకొంచెం ఎయ్యి, బేగి," అన్నారు పళ్లెం చాచి. "పాపం, ఆళ్లకి ఆకలేత్తన్నాది."