బందరు ఇసుకల బాపు నిద్ర

మొన్న మనుమలతోని టూర్ బస్సుల బందరు పోయిన. ఉప్పుగాలి తగలంగనే చిన్నప్పటి సంగతి యాదికొచ్చింది. రజాకార్ల కాలంల మా నల్లగొండ పల్లె నుంచి పది ఇండ్లోళ్లం బండ్లు కట్టుకొని గీ సముద్రానికే వచ్చినం. పుణ్యస్నానానికని అవ్వ చెప్తే నమ్మిన. తీరా వచ్చినంక అందరు మునుగుతుంటే, బాపు ఇసుకల పండి గురక పెట్టిండు. నాకు ఒళ్లు మండింది.

"లే బాపూ! గింత దూరమొచ్చి పంటవా?" అని ఊపిన.

అవ్వ నా చెయ్యి పట్టి గుంజింది. "పండనియ్యే పోరీ! మీ బాపును పట్టుకపోనీకి గీడికి ఎవ్వడు రాడు."

మునగకుంటే పుణ్యమెట్ల వస్తదని మూతి ముడుచుకున్న. రజాకార్లు వెతుకుతుంటే నెలల సంది జొన్నచేన్లల్ల దాక్కున్న మనిషి, నిజాం హద్దు దాటొచ్చి కంటినిండ పండింది ఆ పొద్దేనని పెద్దగైనంక తెలిసింది.