ఎదురింటి పెద్దనాన్న, నా కారు పాలసీ

మా ఎదురింటి పెద్దనాన్న పోయిన ఆదివారం చనిపోయాడు. ఎల్బీనగర్‌లో మా గల్లీ బండ్లన్నిటికీ ఇన్సూరెన్స్ చేయించింది ఆయనే. కబురు వినగానే నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. బుధవారంతో నా కారు పాలసీ అయిపోతోంది, ఇప్పుడెట్లా?

ఆయనతో వేగడం మాటలు కాదు. మూడేళ్ల కిందట, కొత్త లైసెన్సు రాగానే తుర్కయంజాల్‌లో ఒక పాత కారు కొన్నాను. ప్రీమియం ఇంతెందుకని అడిగితే కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. ఇంజను ఎంత పెద్దది, బండి ఇప్పుడెంత ధర పలుకుతుంది, ఎన్నేళ్ల పాతది, ఏ ఊరి రిజిస్ట్రేషను, అన్నీ చూస్తారట. నేనడిగింది తగ్గించమని, ఆయన చెప్పింది ఎందుకు తగ్గదో.

కారు అమ్మినాయన ఐదేళ్లుగా ఒక్క క్లెయిమూ పెట్టలేదు. ఆ తగ్గింపు కారుతోపాటే నాకూ వస్తుందనుకున్నాను. రాదన్నాడు. అది బండిది కాదు, మనిషిదట. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో ఏజెంటు రాసిస్తానన్నాడని ఎగిరాను.

"ఆయన మంచిగ నడిపిండని నీ మెడల దండేస్తరా బిడ్డా? రేపు గుద్దుకున్నంక కాయిదం చూసి వాపస్ పంపుతరు," అన్నాడు.

నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. చివరికి ఆయన దగ్గరే కట్టాను.

బండి పూజ రోజు అమ్మ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. చర్చి నుంచి అప్పుడే వచ్చిన పెద్దనాన్న తన వంతు ప్రార్థన చేసి, పాలసీ కాగితం కార్లో పెట్టాకే తాళం నా చేతికిచ్చాడు. నేను బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కి, నిమ్మకాయలు దాటి పోయి ఆయన గేటునే గుద్దాను. బంపరు సొట్టపోయింది. క్లెయిమ్ పెడదామంటే ససేమిరా అన్నాడు. ఇంత సొట్టకు పెడితే వచ్చే ఏడు తగ్గింపు పోతుందట. ఏడాదంతా ఆ సొట్టతోనే తిరిగాను, ఆఫీసులో అందరూ నవ్వారు. తన గేటు మాత్రం కిక్కురుమనకుండా తనే బాగుచేయించుకున్నాడు. ఇట్లాంటి మనిషి మీద కోపమైనా సరిగ్గా నిలవదు.

పోయిన వానాకాలం మూసారాంబాగ్ దగ్గర నా కారు నీళ్లలో ఆగిపోయింది. స్టార్ట్ చేస్తే ఇంజను పోతుంది, క్లెయిమూ రాదని ఫోన్లోనే కసిరి, తడుస్తూ వచ్చాడు. నెలంతా తిరిగి క్లెయిమ్ ఇప్పించాడు.

మొన్న బుధవారం ఫోన్లో నేనే పాలసీ చేసుకుందామని కూర్చున్నాను. పోయినేడు క్లెయిమ్ ఉందా అని యాప్ అడిగింది. 'ఉంది' అంటే ఒక ధర, 'లేదు' అంటే చాలా తక్కువ. నా వేలు 'లేదు' మీదికే పోయింది. అంతలో ఎదురింటి నుంచి పెద్దమ్మ వచ్చింది. ఆమె చేతిలో ఆయన ఫోను మోగుతోంది, ఎట్లా ఆపాలో తెలియట్లేదంది. పాలసీ తేదీలకు ఆయన పెట్టుకున్న అలారం అది. దాని కింద ఆయన రాసుకున్నది కనిపించింది.

"ఎదురింటి బిడ్డ కారు. క్లెయిమ్ అయింది, ఈసారి ఎక్కువైతది. లొల్లి చేస్తది. జర నిమ్మళంగ చెప్పాలె."

'ఉంది' నొక్కాను. ధర పెరిగింది. లొల్లి చేద్దామంటే ఎదురుగా మనిషి లేడు. పెద్దమ్మ ఆ ఫోను పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది, అది మోగుతూనే ఉంది.