గుప్పెడు బియ్యంతోటి కొన్న గాలి

సహోదరులారా, సహోదరీలారా, అందరికి యేసయ్య పేరు మీద వందనాలు! నన్ను మీరంత ఎరుగుదురు, ఎడపల్లి మార్తమ్మను, బీడీలు చేసుకోని బతికేదాన్ని. ముందుగాల మార్తమ్మ నోరొస్తది, ఎన్క మార్తమ్మొస్తది అని మా ఇంటాయన బతికున్నప్పుడు అంటుండె. గసుంటి నేను ఇయ్యాల మీ ముంగట నిలవడి మాట్లాడుతున్ననంటే, గీ ఛాతిల ఊపిరి ఆడుతున్నదంటే, అది ఉత్త కృప!

నాకు దమ్ము రోగం. చలికాలం వచ్చిందంటే సాలు, తంబాకు ధూళి లేసిందంటే సాలు, గొంతుల పిల్లికూతలు మొదలైతుండె, పండుకుంటె ఊపిరాడకపోవు, కూసుంటె ఆడకపోవు, గోడ పట్టుకోని నిలవడి సావు ఎప్పుడొస్తదా అని సూసిన రోజులున్నయి అక్కా! ఒకసారి మరీ ఎక్కువైతె బోధన్ నుంచి దవాఖాన జీపు పిలిపిచ్చిండ్రు. ఆ జీపుల ఏముండె? ఒక బల్ల, ఒక బొంత. నిజామాబాదుదాక కంపోండర్ ప్రకాశం అన్న అట్టముక్కతోటి నాకు ఇసురుకుంట వచ్చిండు, ఆయన కండ్లల్ల నీళ్లు. "అక్కా, ఒక ఆక్సిజన్ సిలిండర్ ఉంటె నీకింత గోస ఉండకపోవు, నేనేం చేతు" అన్నడు. అప్పుడే మనసుల మొక్కుకున్న, ప్రభువా, నన్ను బతికిస్తే గీ జీపుల గాలి లేదనే మాట ఇంకొకలు వినకుండ చేస్త అని. ప్రభువు బతికిచ్చిండు!

మన ఆడోళ్లకు తెలిసిన పద్ధతే కదా, పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్ల ఒక గుప్పెడు బియ్యం దేవుని గురిగిల, గదే చిన్న మట్టికుండల, తీసిపెడుతం. గట్లనే స్త్రీల కూటం అంత పట్టువట్టి బియ్యం జమచేసినం. మా పక్కింటి గంగవ్వ మందిరానికి రాదు, ఆమె దేవుడు ఆమెకున్నడు, అయినా "ఊపిరికి కులమేంది, మతమేంది" అనుకుంట రోజు నా గురిగిల తన గుప్పెడు ఏసిపోతుండె. రెండు పంటలు దాటినంక, బియ్యం అమ్మిన పైసలతోటి నిజామాబాదుల సిలిండర్, మూతికి పెట్టే మాస్కు కొనుక్కొచ్చినం. దేవునికే మహిమ!

గిక్కడిదాక మంచిగనే ఉన్నది కదా? గిక్కడ్నే సైతాను నా నెత్తికెక్కిండు. మన మందిరంల ఫ్యాన్లు సూసిండ్రు కదా, రెక్క రెక్కకు ఇచ్చినోళ్ల పేర్లు, ఫ్యాను తిరిగితె ఒక్కటి కనవడది, కరెంటు పోతె అన్ని కనవడతయి! మా ఇంటోళ్ల పేరు ఏ రెక్క మీద లేదని నాకు ఏండ్లసంది కడుపుమంట. సిలిండర్ రాంగనే అన్న, దీని మీద ఎర్ర రంగుతోటి స్త్రీల కూటం అని రాపియ్యాలె, కింద మార్తమ్మ అని చిన్నగ రాపియ్యాలె అని. చిన్నగ అన్న, మనసుల మాత్రం పెద్దగనే అనుకున్న.

బేస్తారం నాడు ప్రకాశం అన్న జీపేసుకోని వచ్చిండు. "అక్కా, చెరుకు సీజన్ పడ్డది, రోడ్డు నిండ బండ్లే, రోజుకొక దెబ్బ తగులుతున్నది, సిలిండర్ ఇయ్యి, కట్టుకోని పోత" అన్నడు. నేనేమన్ననో ఎరుకేనా? ప్రార్థన కాకముందు దేవుని సొమ్ము ఎవ్వలు ముట్టద్దు, శనారం పేరు రాసేటాయన వస్తడు, ఆయితారం అయ్యగారు ప్రతిష్ఠ చేస్తడు, అప్పుడు తీస్కపో అన్న. మందిరం గదికి తాళమేసి, తాళంచెవి కొంగుకు కట్టుకున్న, గట్టిగ రెండు ముళ్లేసిన. ఆయన దండం పెట్టి పోయిండు.

తెల్లారి శుక్రారం పొద్దుగాల, చేటల తంబాకు చెరుగుతుంటె ధూళి లేసింది. అంతే! ఊపిరి లోపటికి పోదు, బయటికి రాదు. మా కోడలు సువార్త కిరాణం దుకాణంకు ఉరికి ఫోన్ చేసింది, జీపు చెరుకు బండ్ల నడుమ ఇరుక్కోని ఇరుక్కోని వచ్చింది. ప్రకాశం అన్న దిగిండు, ఉత్త చేతులు. సూది ఏసిండు, నా పెదవులు నీలమెక్కినయని సువార్త తర్వాత చెప్పింది. "అత్తా, తాళంచెవి!" అని అది ఏడుస్తున్నది. పుట్టిన కాడికెల్లి ఆగని నా నోరు గప్పుడు ఆగింది సహోదరులారా! కొంగు దిక్కు చెయ్యి పెట్టిన, గంతే. ముడి వాళ్లకు రాదు, నా వేళ్లకు సత్తువ లేదు. లోపట్నే ప్రార్థన చేసిన, "ప్రభువా, నాకు పేరొద్దు, ఆ సిలిండర్ నాది గాదు, నన్ను కాపాడు తండ్రీ!" పక్కింట్లకెల్లి ఉరికొచ్చిన గంగవ్వ కిందికి వంగి నా కొంగు ముడి పండ్లతోటి కొరికి ఇప్పింది! తాళంచెవి తీస్కోని ఉరికింది, గల్లీల ఆడోళ్లంత చేటలు పడేసి ఆమె ఎన్క ఉరికిండ్రు, నలుగురు కలిసి సిలిండర్ ఎత్తుకోని వచ్చిండ్రు. మూతి మీద మాస్కు పెట్టంగనే సల్లటి గాలి, అయ్యో, ఏం చెప్పాలె, ఎండల నడిసొచ్చినోనికి కుండ నీళ్లు ఇచ్చినట్టున్నది. నిజామాబాద్ పోయేదాక అది నా పక్కనే ఉన్నది, నేను బతికిన.

ఆయితారం నాడు అయ్యగారు ప్రతిష్ఠకని నూనె తీస్కోని వచ్చి సిలిండర్ ఏదమ్మా అని అడిగిండట. మా సువార్త లేసి, "అయ్యగారూ, అది మా అత్తను తీస్కోని జీపుల పోయింది" అన్నదట. "అయితె ప్రతిష్ఠ అయిపోయినట్టే" అని ఆయన నవ్విండట. పేరు రాసేటాయన అంతకుముందు శనారమే రంగు డబ్బా పట్టుకోని వచ్చి ఉత్తగనే మళ్లిపోయిండట. ప్రకాశం అన్న దాన్ని మళ్ల జీపు దింపనేలేదు. అబద్ధమాడను, పేరు రాయకపోయిరని నా లోపట జరంత గుంజింది.

తర్వాత ఒకనాడు మందుల కోసం బోధన్ దవాఖానకు పోయి వరుసల కూసున్న. నా పక్కన ఒకామె, చెరుకు కొట్టనీకి సిరికొండ దిక్కుకెల్లి వచ్చిందట. "మా ఆయన మీద చెరుకు బండి పడ్డది అవ్వా, ఛాతి నలిగింది, గీ జీపుల గాలి పెట్టుకోని పోయిండ్రు కాబట్టి దక్కిండు. ఆ గాలి ఎవలిచ్చిండ్రో, వాళ్ల కడుపు సల్లగుండ" అన్నది. నా నోరెట్లాంటిదో మీకెరుకే! గది మేమే ఇచ్చినం బిడ్డా అనే మాట పెదవులదాక వచ్చింది. మింగేసిన! "ఇప్పుడెట్లున్నడు బిడ్డా, అన్నం తింటున్నడా?" అని అడిగిన, గంతే. ఎల్లిపోతుంటె ఎంత సంతోషమైందంటే, బస్సుల ఒక్కదాన్నే నవ్వుకుంట వచ్చిన, పక్కోళ్లు పిచ్చిదనుకున్నరో ఏమో!

దమ్ము పోయిందా మార్తమ్మా అని అడుగుతరు. పోలేదు, చలికాలం ఇంక వస్తది, కాని భయం పోయింది, పేరు కోసం కడుపుమంట పోయింది, నాకు గదే పెద్ద విడుదల. అక్కలారా, అన్నలారా, రోగంల ఉన్నోళ్లు, దిగులుల ఉన్నోళ్లు ఎవలున్నా ఆయన్ని నమ్ముండ్రి, ఆయన ఊపిరిచ్చిన దేవుడు! మీ ఇంట్ల ఆయన కోసమని తీసిపెట్టింది ఏమన్న ఉంటె, మంచిరోజు సూడకుండ్రి, ఇయ్యాలనే ఇచ్చేయుండ్రి. గీ గడియల ఎక్కడనో ఎవలికో ఊపిరి ఆడుతలేదు.