దేవసహాయం జేబురుమాలు

భట్టిప్రోలు నుంచి రోజూ రైలెక్కి ఆసుపత్రికెళ్లే దేవసహాయం, శవాల గది తలుపు తీసేముందు ముక్కుకు జేబురుమాలు కట్టుకుంటాడు. మాస్కులు ఇవ్వడం ఎప్పుడో మానేశారు. గాలి బయటికి లాగే ఫ్యాను తిరగదు. డాక్టరు గుమ్మంలో నిలబడి చెబుతుంటే, టీబీతో పోయినవాళ్ల ఊపిరితిత్తులు కూడా అతనే కోస్తాడు. సాయంత్రం ఆ రుమాలే ఉతికి ఆరేస్తాడు. ఈమధ్య దగ్గినప్పుడల్లా దానిమీద నెత్తురు చుక్కలు పడుతున్నాయి. అయినా పరీక్షకు వెళ్లడు. దగ్గుతున్న తోటిపనివాణ్ణి కాంట్రాక్టరు రేపట్నుంచి రావొద్దని పంపించేశాడు మరి. రాత్రిళ్లు ఉక్కపోతంటూ ఒక్కడే అరుగు మీద పడుకుంటే, భార్య సువార్తమ్మ కూడా చాప తెచ్చి పక్కనే పరుచుకుంటుంది; ఇక తెల్లార్లూ దగ్గు ఆపుకోవాల్సిందే.

ఆదివారం చర్చిలో ప్రభురాత్రి భోజన సంస్కారమిచ్చారు. అందరూ వరసగా మోకరించి ఒకే గిన్నెలోంచి ద్రాక్షారసం తాగుతున్నారు. గిన్నె తన దగ్గరికి రాగానే దేవసహాయం రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఏంటయ్యా, తీసుకోవా? ఏదన్నా పాపం చేశావా?" అని మెల్లగా అడిగారు పాస్టరుగారు. గొంతుదాకా వచ్చిన దగ్గును మింగాడు. "చేశానండి, అయ్యగారూ" అన్నాడు. పక్కనున్న సువార్తమ్మ అతని వంక చూసి, మోకాళ్ల మీదే దూరంగా జరిగింది. ఆ రాత్రి ఆమె చాప అరుగు మీదికి రాలేదు. దేవసహాయం తనివితీరా దగ్గుకున్నాడు.