మోడెం చప్పుడులో మా తమ్ముడు

దయ్యాలు, ఆత్మలు లాంటివాటిని నేను ఎప్పుడూ నమ్మలేదు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఎవరైనా అలాంటి మాటెత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ణి. ఇది మాత్రం నా కళ్ల ముందే జరిగింది.

తొంభైల చివర్లో మహబూబ్‌నగర్‌లో కొత్త అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు తీసుకుని, మక్తల్ నుంచి అమ్మను తెచ్చుకున్నాను. మా తమ్ముడు శీను షోలాపూర్‌లో దుప్పట్ల కంపెనీలో కంప్యూటర్ మీద డిజైన్లు వేసేవాడు. పుట్టుకతోనే వాడికి వినపడదు, మాట రాదు. ఫోన్ చేసి లాభం లేదు. ఉత్తరం రావడానికి రోజులు పట్టేది. అమ్మకు ఎప్పుడూ వాడి మీదే బెంగ. వాళ్ల ఆఫీసులో ఈమెయిల్ వచ్చిందని తెలిసి, నేనూ కంప్యూటర్ కొని ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించుకోవాలనుకున్నాను.

అప్పట్లో మాకు దొరికేవి రెండే. ఒకటి సర్కారు టెలిఫోన్ వాళ్లది, రెండోది హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కంపెనీది. కంప్యూటర్ల దుకాణం ఖాజా భాయ్ ఇంటికొచ్చి రెండూ చూపించాడు. ఫోన్ తీగను మోడెం అనే చిన్న డబ్బాకు తగిలిస్తే, అది నంబరు తిప్పి, కీచుమని, గరగరమని అరిచి లైను కలిపేది. ప్రైవేటుది తొందరగా కలిసింది. నా మొగ్గు దానికే.

సర్కారుది కలుపుతుంటే వంటింట్లోంచి అమ్మ గబగబా వచ్చింది.

"శీనుగాడు వచ్చిండా?"

"ఎవ్వరు రాలేదమ్మా. గీ డబ్బా సప్పుడది."

"వాని గొంతే బిడ్డా. చిన్నప్పుడు గిట్లనే పిలుస్తుండె."

మాట రాకపోయినా, అమ్మ కావాలంటే శీను కీచుగొంతుతో ఒక అరుపు అరిచేవాడు. నాకైతే ఆ పోలికేమీ తెలియలేదు. ఖాజా భాయ్ మళ్లీ ప్రైవేటుది పెట్టాడు. అమ్మ చెవి ఆనించి విని, "దీంట్ల లేడు," అంది.

ఖాజా భాయ్ నవ్వలేదు. "అమ్మ చెప్పిందే తీస్కోండి సార్. జర స్లో ఉంటే ఉండనీ."

ఆమె సంతోషం కోసం సర్కారుదే తీసుకున్నాను. రోజూ నేను లైను కలుపుతుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చునేది. ఆ చప్పుడు విని, తేరుకున్న ముఖంతో మళ్లీ పనిలోకి వెళ్లేది.

వానాకాలంలో ఒక సెలవు రోజు మధ్యాహ్నం లైను కలుపుతున్నాను. బియ్యం చెరుగుతున్న అమ్మ చేతిలోంచి చాట జారిపోయింది.

"వాడు పడ్డడు. లేస్తలేడు. ఎవరినన్న పంపు."

రోజూ వినే చప్పుడే కదా అన్నాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు పంపుతవా, నన్ను బస్సెక్కిస్తవా?" అంది.

ఇంటర్నెట్ ఆపి శీను వాళ్ల సేటు ఇంటికి ఫోన్ చేశాను. ఆయన కూడా మన వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవాడే. "నిన్న మంచిగనే ఇంటికి పోయిండు గదా," అంటూనే మనిషిని పంపాడు.

వాడుండే గదికి లోపల గడియ వేసి ఉందట. తలుపు విరగ్గొట్టి చూస్తే, శీను బాత్రూంలో జారిపడి, తొడ ఎముక విరిగి, పొద్దుటినుంచీ ఆ తడి నేల మీదే ఉన్నాడు. ఆ గల్లీ అంతా మరమగ్గాల మోత. వాడు అరిచినా పక్కింటికి కూడా వినపడదు. ఇంకా ఆలస్యమైతే ప్రాణానికే కష్టమయ్యేదని దవాఖానలో అన్నారట.

శీను కాలికి కట్టుతో మా ఇంటికి వచ్చాక సైగలతో అడిగాను, పడ్డప్పుడు గట్టిగా అరిచావా అని. లేదని తలాడించాడు. ఎవరూ రారని అరవలేదట. మరి అమ్మను పిలిచావా అన్నాను. శీను పెదాలు గట్టిగా మూసుకుని, అరచెయ్యి గుండె మీద పెట్టి చూపించాడు.

అమ్మ అది చూసింది. ఏమీ ఆశ్చర్యపోలేదు. వాడి పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.

ఆ మధ్యాహ్నం మోడెం పక్కనే నేనూ ఉన్నాను. నాకు గరగర తప్ప ఏమీ వినపడలేదు. అమ్మకు ఏం వినపడిందో, అది అక్కడికి ఎలా వచ్చిందో, ఇప్పటికీ నేను చెప్పలేను.